చేతులు బల్ల మీద

హలో… ఆ, నేనే. వాడి అక్కని. … ఓహో, టీచర్ గారా! ఆగండి, కుట్టుమిషన్ ఆపుతాను… ఊఁ, చెప్పండి.

…

వార్షికోత్సవమా. మీ థెరపీ సెంటర్‌కి పాతికేళ్ళా. సంతోషం.

… ఎవరూ, మా తమ్ముడా? స్టేజి మీదా? … ఏం మాట్లాడాలట? … "మూడేళ్ళప్పుడు మాట రాని పిల్లాడు, ఇవాళ హోటల్ లాండ్రీలో ఉద్యోగం" — అదా. బాగుంది. ఆటిజం ఉన్న పిల్లల అమ్మానాన్నలంతా వచ్చి చప్పట్లు కొడతారు.

మీకు తెలీదా? … నిజంగా తెలీదా, తెలీనట్టు మాట్లాడుతున్నారా?

వాడి చేతులు కాలాయి టీచర్. రెండూ. అరచేతులు.

… పోయిన వారం. లాండ్రీలోనే. … ఎలాగా? మీరడుగుతున్నారా! చెప్తా వినండి. మధ్యలో అడ్డు రాకండి.

ఆ రోజు దుప్పట్లు కుప్పలుగా పడ్డాయి. మిషన్లన్నీ ఒకటే గోల. వాడికి గోల పడదు. చేతులు ఊపుకున్నాడు — మీకు తెలుసుగా, అలా ఊపుకుంటేనే వాడికి కుదురు. సూపర్వైజర్‌కి చిరాకేసి ఒక్క అరుపు అరిచాడు. ఏమని? "చేతులు బల్ల మీద!"

… ఆ. ఆ మాటే. మీ మాటే.

ఆయనకెలా తెలుసంటారేంటండీ? ఉద్యోగంలో చేర్చిన రోజు, మేం పిలిస్తే, మీరే కదా వచ్చి నేర్పింది! నేను పక్కనే ఉన్నా. "చేతులు ఊపితే ఇలా అనండి, టక్కున ఆగిపోతాడు. మీరు శభాష్ అనేదాకా తీయడు" — ఎంత గొప్పగా చెప్పారు! కొత్త మిక్సీ ఎలా వాడాలో చెప్పినట్టు.

ఇంతకీ వాడి ముందున్న బల్ల ఏదనుకున్నారు? ఇస్త్రీ మిషన్ కింది ఇనప బల్ల. అప్పుడే ఆపారు, ఇంకా సెగలు కక్కుతోంది.

పెట్టేశాడు.

… ఆయనా? అరిచేసి, అటు తిరిగి ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. శభాష్ అనడం మర్చిపోయాడు. దుప్పట్లు మడతపెట్టే ఆవిడ చూసి, కెవ్వుమని, వెనక్కి లాగింది. కెవ్వుమన్నది ఆవిడండీ. వాడు కాదు.

"నొప్పిగా ఉందా బాబూ" అని డాక్టరు అడిగితే, ఆయన కళ్ళలోకి సూటిగా చూసి "బాగున్నాను, థాంక్యూ" అన్నాడు. కళ్ళలోకి చూడ్డం మర్చిపోలేదు, కంగారు పడకండి. మీ పాఠం ఒక్కటీ పోలేదు.

… తప్పు సూపర్వైజర్‌దా. ఆయన్ని నేనేం వదిలిపెట్టలేదు. కానీ ఆయన మీట నొక్కాడు, అంతే. ఆ మీట వాడిలో పెట్టిందెవరు?

… లేదు, చేసిన మేలు మర్చిపోయేదాన్ని కాదు. వాడు మాట్లాడుతున్నాడు. ఆకలేస్తే అడుగుతాడు. ఒక్కడే బస్సెక్కుతాడు. మీ చలవే, ఎన్నిసార్లయినా ఒప్పుకుంటా. కానీ "వద్దు" అనడం నేర్పారా? ఒక్కరోజన్నా? వద్దంటే బిస్కట్ లేదు. ఏడిస్తే బిస్కట్ లేదు. మీ గది బయట బెంచీ మీద కూర్చుని, హోంవర్కు చేసుకుంటూ, అన్నీ విన్నా నేను. ఇప్పుడు ఎవరేమన్నా గంగిరెద్దులా తలాడిస్తాడు. బస్టాపులో ఎవడో స్వెట్టర్ ఇమ్మంటే విప్పి ఇచ్చేశాడండీ! అంత చలిలో! వణుక్కుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడి మళ్ళీ అదే — "బాగున్నాను, థాంక్యూ."

… మీ పరీక్షలన్నీ బాగా చేశాడా? మీ పరీక్షలు వాడి ఆరో ఏట అయిపోయాయి. "చక్కగా కూర్చుంటున్నాడు" అని చెప్పి పంపేశారు. మిగతా బతుకంతా మేమే చూస్తున్నాం.

… ఏంటీ? ఇప్పుడు అలా చేయట్లేదా? ఆటలతోనే నేర్పుతున్నారా? చేతులు ఊపుకోనిస్తున్నారా?

మరి పాత పిల్లల్లో ఒక్కరికైనా ఫోన్ చేసి చెప్పారా — ఇక చేతులు తీయొచ్చని?

…

ఏడవకండి. మీ ఏడుపు వినే ఓపిక నాకు లేదు.

ఒక్క పని చేయండి. వాడు ఇక్కడే ఉన్నాడు, నేను గుడ్డలు కత్తిరించే బల్ల దగ్గర. స్పీకర్ పెడతా. ఎవరు అరిచినా సరే, ఇక చేతులు పెట్టక్కర్లేదని మీ నోటితో చెప్పండి. నేనెంత మొత్తుకున్నా వాడి చెవికెక్కట్లేదు. మీరు చెప్తే నమ్ముతాడు.

బుజ్జిగా, ఇటు రా. టీచర్ మాట్లాడతారట. …

… అది కాదు టీచర్! నేను చెప్పమన్నది స్టేజి సంగతి కాదు! … సరే, అడిగేశారుగా. ఒరే, ఫంక్షన్‌కి వస్తావా అంటున్నారు. నా మొహం చూడక్కర్లేదు. గోడని చూసి చెప్పు. …

విన్నారా? "వద్దు" అన్నాడు! మెల్లిగానే గానీ, అన్నాడు!

… ఏంటీ? "అలా కాదు, సరిగ్గా కూర్చుని చెప్పు" అంటారా? మళ్ళీ ఆ గొంతుతోనా? అయ్యో… పెట్టేశాడు. చేతులు బల్ల మీద పెట్టేశాడు. కట్లతోనే…

మీరు కాసేపు నోరు మూసుకోండి!

నాన్నా, తీసెయ్. … శభాష్ కోసం చూడకు. నేననను. ఆవిణ్ణీ అననివ్వను. నొప్పిగా ఉందిగా, తీసెయ్. అవి నీ చేతులురా. …

… ఆ. ఒకటి తీశాడు.

… మీరు చెప్తూనే ఉండండి టీచర్, వాడు వినట్లేదు. ఫోన్‌నే చూస్తున్నాడు. … ఏంట్రా? … ఆ ఎర్ర బటనా? నొక్కాలా అంటున్నావా? నన్నడగకు. నీ ఇష్టం. నీ ఇ—