ఎండ తగ్గిందాకా ఆగిన కారు

—తాతా, షెడ్డులో ఆ అంబాసిడర్ బానెట్ ఎత్తి చూశాను. ఇంజన్లో కొబ్బరినూనె ప్లాస్టిక్ డబ్బా కోసి బోర్లించినావు, ఎందుకు?

ఎందుకా? మీ అవ్వ చేతిలోంచి బండిని కాపాడుకునేదానికి! నవ్వబాక తల్లీ. నీకేం, బ్యాటరీ కారు కొనుక్కోని వొచ్చినావు. దానికి ప్లగ్గు లేదంట, పాయింట్లు లేవంట, నిప్పే అక్కర్లేదంట. మా బండికి నిప్పు రాకపోతే అదొక ఇనప బీరువా. ఇట్ట కూర్చో. ఫోన్లో రికార్డు చేస్తావా? చేసుకో. మీ అవ్వ వంటింట్లో ఉండాదా? ఉండనీలే, వింటే విననీ.

అప్పుడు మీ అమ్మ ఇస్కూలుకి పోతా ఉండింది... కాదు కాదు, ఇంకా చేరలా, మా అమ్మ కాడ వొదిలిపెట్టి పోయినాం ఆ రోజు. మన చిల్లకూరు పక్కంతా రొయ్యల పిచ్చి పట్టిన కాలం. వరి చేలన్నీ గుంటలు తవ్వేస్తా ఉండారు. నేనూ తవ్వించినా. మా నాయన చేను అది. నాలుగు పక్కలా కట్ట పోసి ఉప్పునీళ్లు పెట్టినాక ఇంక ఆ నేల వడ్లకి పనికొస్తదా? మా నాయన నాతో మాట్లాడ్డం మానేసినాడు. ఒకే ఇంట్లో ఉంటా, ఆయన తిన్నాకే నేను తినేది. మొదటి సీడు గనక చచ్చిందంటే చేనూ పోయె, రొయ్యా పోయె, నాయన ముందర మొఖమూ పోయె. సీడంటే రొయ్యపిల్ల అమ్మా, వెంట్రుక ముక్కంత ఉంటది.

సముద్రం ఒడ్డున, పిల్లల్ని పొదిగించి అమ్మే హ్యాచరీకి తెల్లారే పోయినాం. ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు పోసి, గాలి పట్టి, రబ్బరు బ్యాండ్లేసి కట్టిస్తారు. వెనక సీట్లో, డిక్కీలో సర్దుకున్నాం. మీ అవ్వ రావొద్దంటే వినే రకమా? వొచ్చింది. వొచ్చింది సరే, దోవంతా ఒకటే గోల. "మొదటి సీడు, బండికి పసుపన్నా పెట్టకుండా బయల్దేరదీసినావు" అని. ఇంటికి పోయినాక గుంటకే పెట్టుకుందువులేమే అంటే ఇనదే.

సగం దోవలో ఇంజను వేడెక్కింది. ఆ బండి అంతే, ఎండ కాస్తే దానికి దప్పికే. బానెట్ ఎత్తిపెట్టి, క్యాను తీసుకోని బోరు కాడికి పోయినా. కాస్త దూరమే అది. వొచ్చి నీళ్లు పోసి సెల్ఫు కొడితే ఇంజను గిరగిరా తిరగతది గానీ అంటుకోదు. ఏందిరా దేవుడా ఇది, ఇప్పుడు దాకా పరిగెత్తిన బండి!

పెట్రోలు చూసినా, బాగానే వొస్తుండాది. బ్యాటరీ చూసినా, హారన్ కొడితే ఊరు లేస్తది. ఇంక నిప్పు సంగతి. ప్లగ్గు ఊడదీసి, ఇంజను ఇనుముకి ఆనించి, మీ అవ్వని తాళం తిప్పమన్నా. అబ్బ, అదొక నరకం తల్లీ! తిప్పవే అంటే ఆపుద్ది, ఆపవే అంటే తిప్పుద్ది. నిప్పు రాలా. నిప్పు తెంచి కలిపే పాయింట్లు ఉప్పుగాలికి చిలుం పట్టినాయేమో అని, అగ్గిపెట్టె పట్టీ చించి రుద్దినా. సిగరెట్టు పెట్టె అట్ట పెట్టి సందు సరిచేసినా. రాలా. కండెన్సర్ మార్చినా, ఇంకోటి డాష్‌బోర్డులో పెట్టుకోనుంటా గదా ఎప్పుడూ. రాలా.

ఒక లారీ ఆయన ఆపి దిగినాడు. మంచోడే పాపం. "అన్నా, యాడో తడి తగిలుంటది, తుడువు" అన్నాడు. తుడిచినా. డిస్ట్రిబ్యూటర్ మూత తుడిచినా, వైర్లు తుడిచినా, నిప్పు పుట్టించే కాయిల్ తుడిచినా. "అన్నా, పెట్టిన బొట్టు చెరిగిపోద్ది, జాగ్రత్త" అన్నాడు ఆయన. అది చెప్పాల్నా నాకు? బొట్టు తగలకుండా చుట్టూ శుభ్రంగా తుడిచినా.

పైటాలయింది, ఎండ నడినెత్తికొచ్చింది. మీ అవ్వ గోనెపట్టలు తడిపి సంచుల మీద కప్పుతుండాది. ఒక సంచి ఎత్తి చూస్తే పిల్లలు సత్తువ పోయి అడుక్కి దిగుతుండాయి. మా నాయన మొఖమే కళ్ల ముందర.

పొద్దు పడమటికి తిరిగినా నెత్తి మాడిపోతుంటే తువ్వాలు తల మీద కప్పుకోని మళ్లా ఇంజన్లోకి వొంగినా. ఆ తువ్వాలు నీడలో కనపడింది తల్లీ! మీ అవ్వ తాళం తిప్పతానే, కాయిల్ మెడ మీద సన్నంగా, నీలంగా నిప్పు, టిక్కుటిక్కుమంటా పాకతా ఉండాది. యాడ పాకతుండాది? పసుపు మీద! తడిపసుపు, మందంగా, మెడ చుట్టూ. నిప్పు పుడతానే ఉండాది, వైరులోకి పోకుండా ఆ తడిని పట్టుకోని ఇనుములోకి దిగిపోతుండాది.

నేను నీళ్లకి పోయినప్పుడు పూసింది మహాతల్లి. పసుపు లేని ఇంజను నేను పుట్టినాక చూస్తే గదా, అది కొత్తగా కంటికి ఆనేదానికి! నేనూ, ఆ లారీ ఆయనా మామూలు బొట్టే అనుకోని దాన్ని వొదిలేసినాం.

ఏమే, నీకు పూసేదానికి ఇంకేం కనపళ్లేదా అని అరిచినా. మీ అవ్వ ఏమన్నిందో తెలుసునా? "కాయిలే బండికి గుండెకాయ అని నువ్వే గదయ్యా చెప్పినావు. గుండెకాయకి పెట్టకుండా బంపరుకి పెడతారా?"

పెట్రోలు గుడ్డతో తుడిచేసినా. ఒక్క సెల్ఫుకి అంటుకుంది. మీ అవ్వ మొఖం తిప్పుకోని, "పెట్టిన బొట్టు తుడిచినావు, ఇంక నీ ఇష్టం" అని, మళ్లా సంచుల మీద గోనెపట్టలు సర్దుకుంటా కూర్చుంది.

మేం గుంట చేరేసరికి పొద్దు వాలింది. సంచులు నీళ్లలో తేలేసి, చల్లబడనిచ్చి, నిదానంగా వొదిలినాం. పక్కగుంట మస్తానయ్య అదే హ్యాచరీలో సీడు తీసుకోని, వ్యానులో పైటాలకే వొచ్చి, కాగిపోతున్న గుంటలో వొదిలేసుండాడు. ఎండలో వొదలకూడదని అప్పుడు ఎవురికి తెలుసు. మర్నాడు వాళ్ల గట్టు పొడుగునా పిల్లలు చచ్చి తెల్లంగా తేలినాయి. మావి చురుగ్గా ఈదుతుండాయి. మా నాయన వొచ్చినాడు. గ్లాసుతో నీళ్లు ముంచి, ఎండకి ఎత్తిపట్టి చూసినాడు. ఆ పూట నన్ను పిలిచి పక్కన కూచోబెట్టుకోని కూడు తిన్నాడు.

ఇంక మీ అవ్వని పట్టేదెవురు! "చూసినావా పసుపు మహిమ" అంటది. పసుపు కాదే, ఎండ తగ్గినాక వొదిలినాం కాబట్టి బతికినాయి అంటా నేను. "మరి ఎండ తగ్గిందాకా ఆపిందెవురు?" అంటది. కాయిల్‌కి పసుపు పెడితే సీడు బతుకుతదని ఊరంతా చెప్పింది. మస్తానయ్య పోయి వ్యాను కాయిల్‌కి పూయించినాడు, మళ్లా బండి కదల్లేదని నన్నే పిలిచినాడు! అప్పుడు పెట్టినా మన కాయిల్ మీద ఆ డబ్బా. ఇప్పుడు ఆ డబ్బాకి పూసుకుంటది. పూసుకోనీ.

ఇంకో మాట. ఆ ఫోన్ ఆపు. ఆపినావా? మీ అవ్వకి ఆపరేషనయి నెల్లూరులో ఉన్నప్పుడు, సీడుకి నేనొక్కణ్నే పోవాల్సొచ్చింది. బండి అంటుకుంది, గేరేసినా, మళ్లా ఆపేసినా. భయమేసింది తల్లీ. సీడు కోసం కాదు, ఆమె కోసం. దిగిపోయి, వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చి, నేనే పెట్టినా. డబ్బా మీద కాదు. డబ్బా ఎత్తి, కాయిల్‌కే పెట్టినా, పొడి పసుపు, చిటికెడు. ఆమెకి మాత్రం చెప్పబాక.

అదో, మీ అవ్వ వొస్తుండాది తడిపసుపు గిన్నె తీసుకోని, నీ కారు కాడికే. పెట్టనీ, అడ్డం చెప్పబాక. పదికాలాలు చల్లంగా ఉండు తల్లీ, నీ బండి నిన్ను యాడా ఆపకుండా... ఏమే! ఏమేవ్! ఆ చార్జింగు మూత తెరవబాకే, నీకు దణ్ణం పెడతా!