గట్టయ్య కోసిన గోడ

ఆ మిషన్ జర బంద్ చెయ్యుమను సురేందరూ. చెవులు గింగురుమంటున్నయ్. నీతోని మాట్లాడాలె. దేవ్యా, నీ తప్పేం లేదు కొడుకా, నువ్వు నీళ్లు తాగి నీడకు కూసో. గీత గీసిచ్చినోనిది తప్పు. ఇంద, ఆ కుర్సీ ఇటు జరుపు బిడ్డా, మోకాలు వంగుతలేదు. ఆఁ, చాలు. ఇప్పుడు చెప్పు, ఇందాక ఏమన్నవ్? ఆ బ్లేడు తగిలి గోడల మట్టి, ఇటుక బయటపడంగనే ఏమన్నవ్? "ఎవడో దొర మనిషి దర్వాజ పెట్టి మూసిండు" అన్నవ్ కద. నవ్వుకుంట అన్నవ్. నీకు తెల్వక అన్నవని నేను ఊకుంటననుకోకు. తెల్వనప్పుడు నోరు మూసుకోవాలె, అడగాలె. దొర గడి ఎనుకభాగం కొన్నవు, మంచిదే. మానుకోటల నౌకరి చేసుకుంట ఊర్ల ఇల్లు చేసుకుంటున్నవు, అదీ మంచిదే. బాత్‌రూముకు తొవ్వ కావాలె, గోడ కోపిస్తున్నవు. కోపియ్యి, నీ గోడ. కని ఆ దర్వాజ దొర మనిషి పెట్టింది కాదు. దొర గోడను కోసింది ఒడ్డెర గట్టయ్య. ఎవ్వల కోసం కోసిండు, కోసినందుకు ఏమైండు, అది విన్నంక మిషన్ పెట్టు. ఛాయ తెమ్మన్నవా? చక్కెర తక్కువెయ్యుమను. నా కోడలు చూస్తె మల్ల లొల్లి పెడతది.

రజాకార్ల జమానల నాకు ఏమంత వయసు లేకుండె. కండ్లారా చూసింది తక్కువ, మా అమ్మ సాలమ్మ చెప్పంగ విన్నది ఎక్కువ. మా అమ్మ అబద్ధం ఆడేది కాదు. ఆడితె మా నాయిన ఊకునేటోడు కాదు, మా నాయిన ఆడితె మా అమ్మ ఊకునేది కాదు. అట్ల పెరిగినోళ్లం. గట్టయ్యది ఊరి అవతల గుడిసె. ఆయిన, ఆయిన పెండ్లాం చిలుకమ్మ, ఇద్దరే. పిల్లలు లేరు. బండలు కొట్టేటోళ్లు చానమంది ఉండిరి, కని నిలబడ్డ గోడను కోసేటోడు ఆయినొక్కడే. కట్టుడు వేరు, కోసుడు వేరు. కట్టిన గోడ మీద బరువుంటది, ఆ బరువు మోసుకుంట నిలబడి ఉంటది, దాని పొట్టల చెయ్యి పెట్టి తొవ్వ తియ్యాలె. ఏటేట కురవి వీరన్న జాతరకు పోయి కడుపునిండ కల్లు తాగేటోడట, కని కోసే గోడ ముందట ఉన్నన్ని దినాలు చుక్క ముట్టేటోడు కాదు. ఇప్పుడు మీ పనోళ్లు పొద్దుగాలనే... సరే, అది మల్ల మాట్లాడుకుందాం. దేవ్యా, నిన్ను కాదు. నువ్వు మంచోనివే.

ఆయిన పద్ధతి ఒకటుండేది. గోడ కోసేముందు ఆ గోడ మీద గాని, దానికి ఆనుకున్న మిద్దె మీద గాని ఒక ఇత్తడి చెంబు పెట్టిపిచ్చేటోడు, అంచు దాక నీళ్లు పోసి. పక్కన ఇంటామెను కూసోబెట్టేటోడు. "అవ్వా, నీళ్లు ఒలికితె ఒక్క కేక ఎయ్యి" అనేటోడు. చిలుకమ్మ కింద ఉలులు అందిచ్చేది. మీదికెల్లి కేక వస్తె సుత్తె ఆడనే ఆగేది. కదిలిన రాయిని గట్టి చేసేటోడు, మల్ల నీళ్లు నింపిచ్చేటోడు, అప్పుడు మల్ల షురూ. నవ్వేటోళ్లు నవ్విరి. "గట్టయ్య గోడకు దూప అయితాంది, చెంబు పెట్టుండ్రి" అని. నవ్వనియ్యి. ఆయిన కోసిన గోడ ఒక్కటి కూలిందని ఎవ్వలూ చెప్పలే.

గప్పుడు దొరల మీద కొట్లాడే సంఘం వచ్చింది. నీకు పుస్తకాలల్ల చదివినంత తెలుసు. మాకు తెలిసింది ఏందంటె, మా వడ్లు ఈ గడిల ఉండె. లెవీ అని, నాగు అని, ఏదో ఒక పేరు చెప్పి కల్లంల నుంచే గుంజుకపోయిన వడ్లు. ఆ ఏడు మా ఇంట్ల అంబలికి కూడ లేకుండె. మా అమ్మ చింతగింజలు ఉడకబెట్టిందట. దొర రజాకార్లను నమ్ముకొని చాన దినాలు ఎగిరిండు, ఇగ నడవదని తెలిసినంక పట్నం పారిపోయిండు. పోతు పోతు తాళంచెవులు మొలకు కట్టుకొని పోయిండు. వడ్లున్న ఈ కొట్టు దర్వాజ టేకుది, నిండ ఇనుప పట్టీలు. సంఘపోళ్లు పొద్దంత గొడ్డండ్లతోని కొట్టిరి, గొడ్డండ్లే మొద్దుబారినయ్. కాల్చుదామంటె లోపల వడ్లు కాలుతయ్. ఇగ గోడ కూలగొట్టుడే అన్నరు. అన్నది ఎవ్వలనుకున్నవ్? మీ తాత లచ్చయ్య. నవ్వుతవేంది, మీ తాతనే. సంఘంల ముందటుండేటోడు, మంచోడే, ధైర్యవంతుడే, కని తొందర. నీకు వచ్చింది గదే తొందర.

గడ్డపారలు పట్టుకొని గోడ దగ్గరికి పోయిండ్రు. గట్టయ్య అడ్డం నిలబడ్డడు. ఎందుకంటె, గదో, మీద చూడు, ఇప్పుడు పడిపోయింది కని అప్పుడు మీద ఇంకో అంతస్తు ఉండె. అండ్ల గడిల చాకిరి చేసే ఆడోళ్లు, వాళ్ల పిల్లలు. పోచవ్వ అనే ముసలామె వాళ్లకు పెద్ద. "పానం పోయినా మిద్దె దిగద్దు, దిగినోళ్ల తోలు తీస్త" అని దొర చెప్పిపోయిండు. సంఘపోళ్లు "దిగుండ్రి అక్కా, మీ కోసమే కద" అని మొత్తుకుంటె కిటికీలకెల్లి చూసుడే తప్ప ఒక్కరు దిగలే. ఎట్ల దిగుతరు? పుట్టినకాన్నుంచి ఆ దొర చేతి కింద ఉన్నోళ్లు. మీ తాత అన్నడట, "వాళ్లు దిగరు, మనకు తిండి లేదు, పొడవుండ్రి గోడను." గట్టయ్య అన్నడు, "లచ్చన్నా, గీ గోడ మీదనే గా మిద్దె నిలబడ్డది. పొడిస్తె వాళ్లు వడ్ల మీద పడి చస్తరు. కోస్త. జర సైసు, ఓపిక పట్టు."

కోసుడంటె ఊకె అయితదా? ముందుగాల ఎర్రజాజు నీళ్లల్ల ముంచిన దారంతోని గీత కొట్టాలె. గీత మీద ఉలితోని గాడి తియ్యాలె, రాయి రాయికి నడుమ డంగు సున్నం ఊడదియ్యాలె. మీద సన్నటి సందు చేసి, అండ్ల అడ్డంగ పొడుగు బండ జొర్రియ్యాలె. బరువంత ఆ బండ ఎత్తుకున్నంకనే కింది రాయి కదిలియ్యాలె. మనుషులేమో ఆకలి మీద ఉన్నరు, ఎండ మీద ఉన్నరు. మీ తాత గుస్సతోని, "ఏంది గట్టయ్యా, దొర బిడ్డ పెండ్లికి దర్వాజ పెడుతున్నవా? తోరణం కూడ కట్టమంటవా?" అన్నడట. అందరు నవ్విండ్రు. మా అమ్మ కూడ నవ్విందట. గట్టయ్య పోచవ్వను పిలిచి, "అవ్వా, చెంబు పెట్టు" అన్నడు. దిగమంటె దిగని పోచవ్వ, చెంబు పెట్టుమంటె పెట్టింది. కిటికీల పెట్టి దాని పక్కనే కూసున్నది.

రెండోనాడు పొద్దు వాలేవరకు తొవ్వ అయింది. మనిషి నెత్తిమీద గంపతోని వంగకుండ పోయేంత తొవ్వ. అంచులు చూస్తె చాకుతోని కోసినట్టు ఉండెనట. వడ్లు పంచిండ్రు. ఊరంత తిన్నరు. మా ఇంట్ల కూడ తిన్నం, మీ ఇంట్ల కూడ తిన్నరు. మీదికెల్లి పోచవ్వ ఆ చెంబు పట్టుకొని దిగొచ్చింది. దొర తోలు తీస్తనన్నా సరే, దిగొచ్చింది. చెంబు గట్టయ్య చేతిల పెట్టింది. నీళ్లు అంచుకే ఉన్నయ్. గట్టయ్య ఆ నీళ్లే తాగిండట. ఆమె ఎనుక మిగిలినోళ్లు కూడ దిగి, కొంగుల వడ్లు పోసుకున్నరు.

ఇగ్గో, ఇండ్ల గట్టయ్య ఇంకో పని చేసిండు. గా పనికే ఈ ఊరోళ్లు ఇయ్యాల్టికీ నోరు పారేసుకుంటరు. తీసిన రాళ్లను పారెయ్యలే. ఒక్కో రాయి ఎనుక వరుస గుర్తుకు ఉలితోని గాట్లు పెట్టి, ఏ వరుసది ఆ వరుసల గోడ పక్కన పేర్చిండు. ఒడ్డెరోళ్ల ఇండ్లల్ల అదే పద్ధతి. కోసిన గోడ రాయి ఆ గోడదే, ఎన్నడన్న మూసేదుంటె దానితోనే మూయాలె. మీ తాత అన్నడట, "దొర గోడ రాళ్లకు ఇంత మర్యాదేంది, తీసి బాయిలెయ్యి." గట్టయ్య, "గోడ దొరది కాదు లచ్చన్నా, మా నాయిన మా తాత వెట్టికి కట్టింది" అన్నడు.

తర్వాత మిల్ట్రీ వచ్చింది. రజాకార్లు పోయిండ్రు, నిజాం దిగిండు, ఇగ సుఖమే అనుకున్నం. ఆ మిల్ట్రీ ఎనుకాలనే దొర వచ్చిండు, నెత్తిమీద ఖద్దరు టోపీ పెట్టుకొని. సిగ్గు శరం లేని పుట్టుక. మీ తాత అప్పటికే భూపాలపల్లి దిక్కు అడవులల్లకు పోయిండు. దొర నేరుగ ఈ గోడ దగ్గరికి వచ్చిండట. అంచులు తడిమిండు. పేర్చిన రాళ్లు చూసిండు. ఎవ్వల్ని అడగలే. అడిగే అక్కర లేకపోయె. "గట్టిగాన్ని పట్టుకరాండ్రి" అన్నడు. ఇంత సక్కగ కోసి, రాళ్లు సదిరి పోయేటోడు ఇంకెవడున్నడు చుట్టుపక్కల? అడ్డదిడ్డం పొడిచి ఉంటె ఊరందరి మీదికి పోతుండె, ఎవ్వలదని తెలవకపోతుండె. ఆయినకు అట్ల పొడుసుడు చేత కాదు. చెయ్యి రాదు.

ఊరందర్ని ఇక్కడనే నిలబెట్టిరి. మీ నాయినమ్మ ముందటనే ఉన్నది, చంకల మీ బాపు, పాలు తాగే పోరడు. దొర మెత్తగ మాట్లాడిండట. "ఏరా గట్టిగా, నువ్వు అమాయకునివి. నాకెరుకే. లచ్చిగాడు నీ మెడ మీద గొడ్డలి పెట్టి చేయించిండని అను. గంతే. ఇడిచిపెడత. నీకు కూడ పని ఇస్త, గీ గోడ నువ్వే మూస్తువు." అంటె ఏమయితదో అందరికి ఎరుకే. ఆ మాట వస్తె మీ నాయినమ్మను, మీ బాపును ఆడికెల్లి ఆడనే మిల్ట్రీ క్యాంపుకు గుంజుకపోతరు. మీ నాయినమ్మ చీరకొంగు నోట్ల కుక్కుకున్నదట. చిలుకమ్మ గట్టయ్య దిక్కే చూస్తాంది. గట్టయ్య గోడ దిక్కు చెయ్యి చూపిచ్చిండు. "మెడ మీద గొడ్డలుంటె గీత గట్ల రాదు దొరా, చెయ్యి వణుకుతది. నువ్వే చూడు, ఏడనన్న వణికిందా? ఎవ్వలు చెప్పలే. నేనే కోసిన."

క్యాంపుకు తీసుకపోయిండ్రు. చిలుకమ్మ పొద్దుమాపు గటక మూట కట్టుకొని పోయేది. ఒకనాడు పారా ఉన్నోడు "ఇగ తేకు" అన్నడట. శవం కూడ ఇయ్యలే. ఆమె కొన్నాళ్లు ఒక్కతే బండలు కొట్టి, ఎనుకాల కురవి దిక్కు తల్లిగారింటికి పోయింది. ఒడ్డెరోళ్లు ఒక్కరు కూడ ఈ తొవ్వ మూసేటందుకు రాలే. దొర ఏడికెల్లో మనుషుల్ని తెచ్చి, గదిగో, గా మట్టి, ఇటుక కుక్కిచ్చిండు.

మరి మనోళ్లేం చేసిండ్రు? అమరుల స్తూపం కట్టిండ్రు కద, నిరుడు రంగులు కూడ ఏసిండ్రు. అండ్ల గట్టయ్య పేరున్నదా? నేను పోయి అడిగిన. కట్టె పట్టుకొని, ఎండల పోయి అడిగిన. ఆ కమిటీ పెద్దమనిషి ఏమన్నడు, "తాతా, ఆయినకు సంఘంల సభ్యత్వం లేదు. దొర గోడ కూలకుండ కాపాడినోడాయె. రాళ్లు కూడ సదిరి పెట్టిండాయె." ఆ వడ్లు తిన్న కడుపుల పుట్టినోడు అన్న మాట అది. గోడను కాపాడిండట. మీద ఉన్న పోచవ్వ, ఆ పిల్లలు మనుషులు కారా? ఆ రాళ్లనన్న ఉంచిండ్రా? మంచిగున్నయని తలా ఒకటి మోసుకపోయిండ్రు. అరుగులకు కొన్ని, కొట్టాలకు కొన్ని. మీ పాత ఇంటెనుక బట్టలుతికే రాయి లేదా, దాన్ని బోర్లించి చూడు. గాట్లుంటయ్. పో, చూసి రా, నేను ఈడనే ఉంట.

చూసినవా. ఉన్నయా. ఆఁ.

నాకేం చెప్పకు, నేనేం అడగలే. కోపియ్యద్దని కూడ అంటలేను. నీకు తొవ్వ కావాలె, తొవ్వ ఆల్రెడీ ఉన్నది. నువ్వు గీసిన గీత చూడు, ఆయిన పెట్టిన అడ్డబండ నడుమకెల్లి పోతాంది. అది మిషన్ కింద తునిగితె మీదున్న గోడ ఆగుతదా? దేవ్యా, ఇటు రా బిడ్డా. ఈ మట్టి, ఇటుక ఊడదియ్యి, మిషన్ తోని అక్కర లేదు, చేతులతోనే వస్తది. అంచు కనపడంగనే ఆగు. సురేందరూ, లోపలికి పోయి ఒక చెంబు పట్టుకరా. స్టీలుదైతె ఏంది, తే. గోడ మీద పెట్టు. ఆడ కాదు, ఆ బండకు సక్కగ. పొయ్యి నీళ్లు. ఇంక పొయ్యి, అంచు దాక. ఆఁ. నువ్వు దాని పక్కనే కూసో. ఫోన్ జేబుల పెట్టు.

ఇగ ఎవ్వలు మాట్లాడకుండ్రి.