సెబస్తియాను బాణాలు

తెల్లారితే, క్రీస్తు కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షి సెబస్తియాను పండగ. ఇందుకూరుపేట అవతలి పల్లెపాలెం చర్చిగుడిలో, ఆయన కొయ్య స్వరూపానికి కొత్త రంగు వేసిన చెంచురామయ్యను అక్కడ ప్రార్థనలు చెప్పించే ఉపదేశి రాయప్ప నిలదీశాడు.

“బాణాలేవి, చెంచురామయ్యా?”

“పీకేసినా రాయప్పన్నా. పాపం, ఒళ్లంతా తూట్లే. లప్పం పెట్టి పూడ్చినా.”

“వాటిని చూసే గదయ్యా జనం ఆయన్ని గుర్తుపట్టేది! రేపు ఊరేగింపులో ఈయనెవురని అడిగితే ఏం చెప్పేది?”

“ఆయన చచ్చిపోయింది బాణాలకేనా?”

“కాదులే. చచ్చినాడనుకోని వదిలేసి పోతే, ఒక విధవరాలు బాణాలు పీకి, కట్టుగట్టి బతికించింది.”

“నేనూ అదే చేసినా గదన్నా!”

“ఆమె కూడా పునీతురాలయింది.”

“మరి నాకు?”

“నీకు సుత్తి. పొద్దుగూకేలోగా అన్నీ మళ్లీ దిగ్గొట్టు.”

“నావల్ల కాదన్నా. నవ్వు మొహం పెట్టినా. ఆ మొహం చూస్తా ఎట్టా కొట్టేది?”

“ఇటియ్యి, నేను కొడతా.”

రాయప్ప బాణం ఆనించి, సుత్తి ఎత్తాడు. కొట్టకుండానే దించి, బాణాన్ని రొమ్ము మీంచి భుజానికి, భుజం మీంచి తొడకి మార్చాడు.

“చెంచురామయ్యా, ఎక్కడ గుచ్చితే నొప్పి తక్కువయ్యా?”