వెలాస్కో కొండ మీద జయరాజు

పర్సిస్‌కి నలభై ఏడేళ్లు. టీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక అరిజోనాలో, చాండ్లర్‌లోని వాళ్లింటి వెనక పేషియోలో అందరూ కుర్చీల్లో ఉన్నారు, ఆమె గోడకి ఆనుకుని ఉంది. ఆమె ఎనిమిది నెలలు కష్టపడి వేసిన బొమ్మ హాల్లోంచి, గాజు తలుపులోంచి కనబడుతోంది: మెక్సికో లోయ, వెనక రెండు మంచు అగ్నిపర్వతాలు. నూట యాభై ఏళ్ల కిందట వెలాస్కో అనే మెక్సికన్ చిత్రకారుడు మళ్లీ మళ్లీ వేసిన లోయ అది. ఆయన రాయి వేస్తే ఏ రాయో, మొక్క వేస్తే ఏ మొక్కో చెప్పొచ్చు. ఆయన నిలబడ్డ కొండలు చూడాలని పర్సిస్ ఒక్కతే వెళ్లి, తొమ్మిది రోజులుండి, స్కెచ్ పుస్తకం నింపుకుని వచ్చింది.

సంఘపెద్ద దేవదానం గారు బొమ్మ వంక చూస్తూ, "మన కొత్త హాల్లో ఇరవై అడుగుల గోడ ఖాళీగా ఉంది. ఇది వేసిన చేతికే అప్పగిద్దామనుకుంటున్నాం," అన్నారు.

ఆ గోడ కోసం పర్సిస్ వసంతం నుంచీ ఎదురుచూస్తోంది. ఆమె నోరు తెరిచేలోగా మొగుడు జయరాజు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"అలాగే అన్నయ్యా, ఖాళీ చూసుకుని వేస్తాను. పర్సిస్ రంగులు కలుపుతుంది. అసలు ఈ బొమ్మ వెనక కష్టం మీకు తెలీదు. ఆ కొండ ఎక్కడంలో గైడు రెండుసార్లు ఆగాడు, నేను ఆగలేదు, అంతే, పెద్ద గొప్పేం కాదు."

"మోకాలు నొప్పన్నావుగా అన్నా," అన్నాడు అతని ఆఫీసులోనే పనిచేసే జూడ్.

"అది దిగేటప్పుడేరా. పైకెళ్లాక ఏమైందో తెలుసా? వెలాస్కో కూర్చున్న రాయి ఏదో అక్కడివాళ్లకే తెలీదు. నేను మూడు రాళ్లు అరచేత్తో తట్టి చూసి, నాలుగోది ఇదే అన్నా. ఇంకా వెచ్చగానే ఉంది."

"నూట యాభై ఏళ్లకా?"

"రాయి మంచిది. సరే, మొదలెట్టా. కొండకి మబ్బు అడ్డమొచ్చింది. బ్రష్షుతో ఇలా అన్నా, పక్కకి జరిగింది. కొంచెం ఎక్కువ జరిగితే మళ్లీ వెనక్కి పిలిచా. ఇంతలో తెల్లరంగు అయిపోయింది. అక్కడ షాపులేవి? తిన్నగా ఆ మంచు కొండ మీదకే పోయి, గుప్పెడు మంచు తెచ్చి నూనెలో కలిపా. నలభై మైళ్లు. తిరిగొచ్చేసరికి ఫ్లాస్కులో టీ చల్లారలేదు."

"ఫ్లాస్కులో చల్లారదుగా."

"మూత తీసిపెట్టి వెళ్లా."

"ఆ మంచు కరగలేదా?" దేవదానం గారు నిజంగానే అడిగారు.

"అరిజోనా ఎండకే కరగలేదు, చూడండి. సమ్మర్‌లో మా హాల్లో ఏసీ వెయ్యం."

ఆ తెలుపుని పర్సిస్ పదకొండుసార్లు గీకి మళ్లీ వేసింది. ఆమె కెటిల్ అందుకుని ఖాళీ కప్పులు నింపసాగింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మ్యూజియం డైరెక్టర్ పరిగెత్తుకుంటూ కొండెక్కాడు. నా బొమ్మ పట్టుకెళ్లి వెలాస్కో బొమ్మ పక్కన పెట్టారు, ఏది ఎవరిదో తెలీక తలలు పట్టుకున్నారు. అగ్నిపర్వతాన్నే అడుగుదామన్నా. కిటికీ తెరిచి రెండూ చూపించా. నాది చూసి పొగ వదిలింది."

"వెలాస్కోది చూసి?"

"దగ్గింది."

దేవదానం గారు తల ఊపారు. గోడ ఎటు పోతోందో పర్సిస్‌కి అర్థమైంది. ఆయన పొగని నమ్మలేదు, కానీ జయరాజు కొండెక్కాడనీ బ్రష్షు పట్టాడనీ నమ్మారు. మగవాడి అబద్ధంలో ముప్పాతిక కొట్టేసినా, మిగిలిన పాతికలోనే ఆడదాని ఎనిమిది నెలలూ ఇమిడిపోతాయి.

"ఇదెప్పుడండీ, మీరెళ్లింది?" అంది.

"రెండేళ్ల కిందట, జూన్‌లో. నీకు తెలీనట్టు."

"తేదీ గుర్తులేదు. జ్యోతక్కా, మన ప్రేయర్ గ్రూపులో ఉంటుందేమో చూడు."

వాట్సాప్ ప్రేయర్ గ్రూపు నడిపేది ప్రేమజ్యోతి. ఆ ఏడు జయరాజు లేఆఫ్‌లో ఉద్యోగంతోపాటు హెచ్‌వన్ వీసా కూడా పోగొట్టుకుని, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాడు. అలాంటివాడు అడ్వాన్స్ పెరోల్ అనే పర్మిషన్ చేతికి రాకుండా దేశం దాటితే గ్రీన్‌కార్డు అప్లికేషన్ పోయినట్టే. అక్కడ కూర్చున్న పిల్లలకి కూడా తెలిసిన రూలది. భార్యాభర్తలు కలిసి అప్లై చేసినా ఒకరిది ముందొస్తుంది, ఒకరిది వెనకొస్తుంది. పర్సిస్‌ది ముందొచ్చింది.

ప్రేమజ్యోతి కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. "జూన్ పద్నాలుగు. 'పర్సిస్ క్షేమంగా మెక్సికో సిటీ చేరింది, దేవునికి స్తోత్రం. నా అడ్వాన్స్ పెరోల్ ఇంకా రాలేదు, ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను, ప్రార్థించండి. జయరాజు.'" వేలితో ఇంకొంచెం జరిపింది. "జూన్ పదహారు. 'పప్పులో నీళ్లెన్ని పోయాలో సిస్టర్స్ ఎవరైనా చెప్పగలరా.'"



"నీ పర్మిషన్ నవంబర్‌లో వచ్చింది తమ్ముడూ," అంది ప్రేమజ్యోతి. "శుక్రవారం శుక్రవారం ఉపవాసముండి తెప్పించాం."

"పెరోల్ లేకుండానే మబ్బుని జరిపావా అన్నా," అన్నాడు జూడ్.

జయరాజు కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

దేవదానం గారు కుర్చీ పర్సిస్ వైపు తిప్పుకున్నారు. "గోడకి ఏమేం కావాలమ్మా?"

"నిచ్చెన చాలదండీ, స్కాఫోల్డింగ్ కావాలి. హాలు తాళంచెవి నాలుగు నెలలు నా దగ్గరే ఉండాలి."

ఆ గోడంతా పర్సిస్ ఒక్కతే వేసింది. మార్చిలో పూర్తయ్యాక అడుగున తన పేరు రాసింది.