మాస్టారు సిగ్నల్ కుట్టిన వైనం

వీధి చివరి టైలర్‌ని అందరూ మాస్టారనే పిలుస్తారు. గుడ్డ కోస్తే నూలుపోగు తేడా రాదు, కోతలు కోస్తే మాత్రం అంతూ దరీ ఉండదు. ఆ సాయంత్రం ఆయన టీ కొట్టు బల్ల మీద కూర్చోగానే వ్యాన్ డ్రైవర్ నోరు ఊరుకోక, "అమ్మాయి కాలు ఎలా ఉంది మాస్టారూ?" అన్నాడు. అడిగినవాడిదే పాపం.

మాస్టారి కూతురు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. కట్టుతో లోపలి గదిలో పడుకుని, ఎవరితోనూ మాట్లాడక, నవ్వక, సరిగ్గా అన్నం తినక, గోడకేసి చూస్తుంటే మాస్టారి ప్రాణం ఉసూరుమనేది. ఆ పిల్లకి ప్రాణమైన వీడియో గేముల పెట్టేమో హాల్లో టీవీకి తగిలించి ఉంది. ఆ ఆటను తీగ లేకుండా, ఇంట్లో వైఫై మీద, మంచం పక్కనున్న కంప్యూటర్ తెర మీదికి రప్పించాలని ఆయన పూనుకున్నారు. నిన్న అది కుదిరింది. అందుకు దండం పెట్టాల్సిన మనిషి ఎదురుగానే టీ వడకడుతోంది. ఆ మాట చెప్పడానికే వచ్చారు, కానీ నోరు తెరిస్తే పాత అలవాటే ముందుకొచ్చింది.

"కాలుదేముందిలే, అతుక్కుంటుంది. నేను చేసిన పని వినండి. కంప్యూటర్ 'వెతుకుతున్నా, వెతుకుతున్నా' అంటుందే గానీ పెట్టె దొరికి చావదు. ఇంకోడైతే చేతులెత్తేసేవాడు. నేను టేపు తీసుకుని డాబా ఎక్కి సిగ్నల్ కొలతలు తీసుకున్నా."

"సిగ్నల్‌కి కొలతలా?" రిటైరైన లెక్కల టీచరుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"మరి! నడుం దగ్గర వదులు, గుమ్మం దగ్గర బిగుతు. మడతపడి నలిగిపోయింది పాపం. ఇస్త్రీ చేసి, చిరుగు దగ్గర డబల్ కుట్టు వేసి వదిలా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా పిల్ల బటన్ నొక్కుదామనుకునేలోపే గోల్ పడిపోయింది! అవతలి జట్టువాళ్లు ఇంకా బూట్ల లేసులు కట్టుకుంటున్నారు."

డ్రైవర్‌కి పొలమారింది.

"నవ్వకు తమ్ముడూ. ముక్క గుడ్డ కూడా వృథా పోనివ్వను కదా, మిగిలిన సిగ్నల్ కిటికీలోంచి వదిలా. ఎదురింటి తాతగారి చచ్చిన రేడియో లేచి పాడింది. ఇక కార్ల పందెం పెట్టామా, గదంతా పెట్రోల్ వాసన! మలుపు దగ్గర ఎర్ర కారు ఒకటి తెరలోంచి దూసుకొచ్చి హాల్లో ఆగింది. దాన్ని మళ్లీ లోపలికి తోసేసరికి నా నడుం విరిగింది."

"కారు నంబరు చూశారా మాస్టారూ?" అన్నాడు డ్రైవర్.

"చూద్దును గానీ ఫోను మోగింది. ఆ పెట్టె చేసే కంపెనీ పెద్దాయన! 'మీకు పుణ్యముంటుంది, ఆ కుట్టు కాస్త విప్పండి, దేశదేశాల పిల్లల ఆటలన్నీ మీ ఇంటికే వచ్చేస్తున్నాయి' అని ఒకటే ఏడుపు!"

టీ కొట్టు అక్క గ్లాసు ఆయన ముందు పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"అదంతా సరే అన్నయ్యా. దుమ్ము పడకుండా వైఫై డబ్బాకి తొడుగు కుట్టారు. ఎండ తగలకుండా లోపల వెండి పూత గుడ్డ, పైన వరసగా బొత్తాలు. మీరు డాబా మీద ఉండగా అమ్మాయికి టీ తెచ్చి, డబ్బా కాలిపోతోందని ఆ బొత్తాలు విప్పింది ఎవరు? విప్పగానే లోపల పిల్ల 'వచ్చేసింది' అని అరవలేదూ?"

బల్లంతా గొల్లుమంది. "నీ కుట్టులో గాలే దూరదు, సిగ్నలేం దూరుతుందయ్యా!" అన్నారు టీచరుగారు.

కథ ఎంత అడ్డం తిరిగినా మాస్టారి దగ్గర బదులుండేది. ఈసారి ఆయన గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

"నువ్వే చెల్లెమ్మా. పొద్దుటినుంచీ ఈ మాట చెబుదామనే వచ్చి తిరిగి వెళ్తున్నా. రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నా తల్లీ. నిన్న నా బిడ్డ కంచం ఖాళీ చేసి, ఇంకాస్త పెట్టమంది."

డ్రైవర్ మెల్లగా అడిగాడు, "ఇది నిజమేనా మాస్టారూ?"

"నిజం" అన్నారు మాస్టారు. ఇంకేమీ కలపలేదు.