నాలుగు మడుల తడి

నడుం విరిగి మంచాన పడ్డ భర్త, చేతిలో ఫోన్. గుమ్మంలో భార్య, టీ గ్లాసుతో. ఆ గది కిటికీ వీధివైపు ఉంది. కూరగాయల తోట ఇంటి వెనక.

"మళ్ళీ చెప్పు. టమాటా మడికి నీళ్ళు పెట్టావా లేదా?"

"పెట్టాగా, నిన్న సాయంత్రం. టీ చల్లారిపోతోంది, తాగండి."

"గోడ పక్క మడికి?"

"దానికీ పెట్టా."

"ఎంతసేపు?"

"ఎంతసేపంటే... మీరు చెప్పినంతసేపు. తడి ఎంతుందో ఫోన్‌లో కనబడుతోందిగా, మళ్ళీ నన్నెందుకు సతాయిస్తారు?"

"కనబడుతోందిలే. నేను మంచాన పడ్డా మట్టిలో గుచ్చిన ఆ సెన్సార్లు పనిచేస్తున్నాయి. వాటినే నమ్ముకున్నా."

"నన్ను నమ్మరన్నమాట."

"నిన్నెప్పుడు నమ్మాను? చెంబెడు పొయ్యమంటే బిందెడు పోసే రకం."

"సరే, అలాగే అనుకోండి. టీ తాగండి."

"టమాటాలు ఎరుపు తిరిగాయా?"

"తిరుగుతున్నాయి."

"నిన్నా తిరుగుతున్నాయన్నావ్."

"నిన్నటికంటే ఇవాళ ఇంకాస్త. నేను తొందరపెడితే వింటాయా అవి?"

"ఒక్క ఫోటో తియ్యమంటే తియ్యవు."

"ఫోటో ఎందుకు, లేచాక మీరే చూద్దురుగాని."

"లేస్తాననే అనుకుంటున్నావా?"

"అనుకోక ఏం చెయ్యను?"

"డాక్టరు బయట నీతో ఏమన్నాడో నాకూ వినబడింది. తలుపు సరిగ్గా వేసుకోలేదు మీరు."

"కాస్త తల ఎత్తండి, దిండు సర్దుతా."

"దిండు బాగానే ఉంది. ఇలా కూర్చో, ఒకటి అడుగుతా."

"పొయ్యి మీద పాలు పెట్టి వచ్చా."

"పొంగితే పొంగనీ. గోడ పక్క మడి అన్నిటికంటే ముందు ఎండుతుంది. తోట వేసినప్పటి నుంచీ అంతే. అవునా?"

"అవును."

"ఇప్పుడు నాలుగు మడులకీ ఒకటే అంకె. పెరిగితే నాలుగూ కలిసి పెరుగుతున్నాయి, తగ్గితే నాలుగూ కలిసి తగ్గుతున్నాయి."

"మంచిదేగా. సమానంగా పెడుతున్నా."

"అంత సమానంగా వాన కూడా కురవదు. సెన్సార్లు ఎక్కడ పెట్టావ్?"

"పాలు పొంగుతున్నట్టున్నాయండీ."

"కోప్పడనులే. ఎక్కడ?"

"వంటింటి కిటికీలో. నాలుగూ ఒకే కుండీలో గుచ్చా."

"బావిలో నీళ్ళు?"

"ఎండిపోయింది. మీరు ఆస్పత్రిలో ఉండగానే. మోటారు వేస్తే ఉత్త గాలి. నీళ్ళ బండివాడు తాగడానికైతేనే పోస్తానన్నాడు, తోటకి పొయ్యనన్నాడు. మీకెలా చెప్పను? కళ్ళు తెరవగానే నేనెలా ఉన్నానని అడగలేదు మీరు. తడి ఎంతుందని అడిగారు."

"మొక్కలు?"

"పీకేశా. నిలబడి ఎండిపోతుంటే చూడలేకపోయా."

"వంగ కూడానా?"

"అన్నీ."

"పూత మీదుంది కదే అది."

"ఉంది. పూతతోనే పీకా."

"మరి ఫోన్‌లో అంకె పెరుగుతోందేం?"

"గిన్నెలు కడిగిన నీళ్ళు రోజూ ఆ కుండీలో పోస్తున్నా. అంకె తగ్గితే మీరు అన్నం ముట్టరు. నాకు భయమేసింది."

"కుండీలో ఏం మొక్క ఉంది?"

"ఏమీ లేదు. ఉత్త మట్టి."

"అంకె బాగా దిగిపోయింది. వెళ్ళి నీళ్ళు పొయ్యి."