పన్నెండో ఇంటి దగ్గర కాలువ మలుపు

నా పేరు ఒమురాలియెవ్ తెమిర్‌కుల్. తండ్రి పేరు శార్షెన్. వయసు అరవై ఒకటి. ఊరు చూయ్ లోయలో ఆక్-జల్. వృత్తి మీరాబు, అంటే కాలువ నీళ్లను పొలాలకు వంతులవారీగా వదిలే నీరుగంటిని. ముప్పై రెండేళ్లుగా ఇదే పని. చదవడం, రాయడం వచ్చు, కాని కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాను. నన్నెవరూ పిలవలేదు, నా అంతట నేనే వచ్చాను. మే 13, సోమవారం, ఉదయం 8 గంటల 50 నిమిషాలకు జిల్లా పోలీసు స్టేషన్‌లో కెప్టెన్ జుమాబయేవా గారి ముందు ఇది చెబుతున్నాను. పదకొండు గంటలకు మా ఊరి వెనక వీధిలో పన్నెండో నంబరు ఇంటిని కూల్చడానికి బుల్‌డోజర్ వస్తుంది. అందుకని కొంచెం తొందరగా రాయమని కెప్టెన్ గారిని అడిగాను. "మీరు తిన్నగా చెప్పండి, నేను తొందరగానే రాస్తాను" అన్నారు.

ఆ వీధికి పేరు లేదు. కాలువ అవతలి వీధి అంటాం. మొత్తం పన్నెండు ఇళ్లు, అన్నీ మట్టి ఇటుకలతో కట్టినవి. అక్కడున్న వాళ్లు కొండ జిల్లాల నుంచి పట్నానికి పనికోసం వచ్చి, అద్దెలు భరించలేక, మా ఊరి రైతుల దగ్గర తలా కాస్త పొలం కొనుక్కుని ఇల్లు వేసుకున్న వాళ్లు. కాగితాల్లో అది నీటి వసతి ఉన్న సాగుభూమి. అందులో ఉల్లి నాటవచ్చు, ఇల్లు కట్టకూడదు. ఇల్లు లేదు కాబట్టి అడ్రసు లేదు. అడ్రసు లేకపోతే ఆసుపత్రిలో పేరు రాయరు, బడిలో పిల్లల్ని చేర్చుకోరు. ఆఫీసు లెక్కలో పన్నెండు కుటుంబాలు ఏడేళ్లుగా ఉల్లితోటలో కాపురం చేస్తున్నాయి. వాళ్ల ఉత్తరాలన్నీ మా ఇంటికే వస్తాయి.

మొన్న చలికాలంలో ఊరి పరిపాలన ఆఫీసువాళ్లు ఊరికి కొత్త ప్లాను వేశారు. ఫిబ్రవరి 9న క్లబ్బు హాల్లో మీటింగు పెట్టారు. నేను రెండో వరుసలో కూర్చున్నాను. భూముల గుమాస్తా లేచి, ఏ స్థలాన్నయినా ఊళ్లో కలపాలంటే దానికి నీళ్ల పైపు, కరెంటు స్తంభాలు, రోడ్డు వేయాలని, ఈ ఏటి బడ్జెట్ కాలువ దాకానే సరిపోతుందని, అందుకే ఊరి హద్దు కాలువ దగ్గర ఆగుతుందని చెప్పాడు. ఒక ముసలావిడ "హద్దు ఎన్ని మీటర్ల దగ్గర బాబూ?" అని అడిగింది. "యంత్రంతో కొలిపించడానికి డబ్బు మంజూరు కాలేదమ్మా. ప్లానులో 'పడమటి హద్దు: కాలువ' అని రాశాం, అంతే" అన్నాడు. ఏప్రిల్ 18, గురువారం, జిల్లా కమిషన్ వచ్చి కాలువ ఎక్కడుందో కళ్లతో చూసి రాళ్లు పాతుతుందని కూడా చెప్పాడు.

ఆ మాట విన్నాక మూడు రోజులు కాలువ గట్టు వెంటే తిరిగాను. హద్దు కాలువ అయితే, కాలువ ఎక్కడ పారాలో చెప్పేవాణ్ణి నేను. కాలువ ఇళ్ల ముందు పారుతోంది. ఇళ్ల వెనక పారితే ఆ పన్నెండు ఇళ్లూ ఊళ్లో ఉన్నట్టే.

ఏప్రిల్ 16, మంగళవారం, ఉదయం ఆరుకు అషార్ పిలిచాను. అందరూ ఎవరి పార వాళ్లు తెచ్చుకుని కూలి లేకుండా కలిసి పనిచేసే రోజు అది. ఏటా ఏప్రిల్‌లో కాలువ పూడిక తీయడానికి పిలుస్తాను కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కింది తూము దగ్గర మేకు పాతి, తాడు కట్టి, ఇళ్ల వెనక సున్నంతో గీత గీశాను. మూడువందల నలభై మీటర్లు. ఆ గీత వెంట తవ్విన మట్టితోనే ఇళ్ల ముందున్న పాత కాలువను పూడ్చాం.

ఎవరెవరు తవ్వారని కెప్టెన్ గారు అడిగారు.

"నేనే తవ్వాను."

"మూడువందల నలభై మీటర్లు? రెండు రోజుల్లో? ఒక్కరే?"

"నీరుగంటిని కదమ్మా, చెయ్యి తిరిగింది."

"అమ్మా అనకండి, కెప్టెన్ అనండి. పేర్లు చెప్పండి."

"పేర్లు గుర్తులేవు కెప్టెన్ గారూ. ముసలాణ్ణి."

ఇది కూడా ఉన్నదున్నట్టు రాయమన్నాను. రాశారు. అప్పటికి తొమ్మిదీ ఇరవై అయింది.

పన్నెండో ఇల్లు కాసిమోవా బూరుల్‌చాది. వయసు ముప్పై ఏడు. తండూరులో మాంసం కూరిన సమ్సాలు కాల్చి బస్సు స్టాపు దగ్గర అమ్ముతుంది. భర్త రష్యాలో ఎవరి ఇళ్లకో సీలింగులు వేస్తున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఆమె పేరు చెబుతున్నాను, ఎందుకంటే ఆమెకి దీంతో లాభం ఏమీ కలగలేదు. రెండు రోజులూ అందరికంటే ముందు వచ్చింది. ఆమె పార కర్ర పగిలితే తీగ చుట్టుకుని తవ్వింది. మధ్యాహ్నం పెద్ద బాండీలో అందరికీ పలావు వండింది. ఆమె ఇల్లు వీధి చివర, చిన్న దిబ్బ మీద ఉంది. నా సున్నపు గీత ఆ ఇంటికి తొమ్మిది మీటర్ల ఇవతలే మలుపు తిరిగింది. ఆమె ఏడో ఇంటి వెనక తలవంచుకుని తవ్వుతోంది. చూడలేదు. నేను చెప్పలేదు.

బుధవారం సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు తూము తలుపు ఎత్తాను. నీళ్ల వెంట అందరం నడిచాం. పిల్లలు చెప్పులు విప్పేసి ముందు పరిగెత్తారు. పదకొండో ఇల్లు దాటగానే నీళ్లు పక్కకు తిరిగి, పూడ్చకుండా మిగిలిన పాత కాలువలో కలిసిపోయాయి. బూరుల్‌చా టీ కెటిల్ పట్టుకుని తన గుమ్మంలో నిలబడి ఉంది.

"తెమిర్ బైకే, నీళ్లు ఇటు రావట్లేదేం?" అంది. బైకే అంటే అన్న. మా దగ్గర పెద్దవాళ్లందరినీ అలాగే పిలుస్తారు.

"దిబ్బ కదా చెల్లీ, ఎక్కవు. నేనేం చేయను? నీళ్లు నా మాట వింటాయా?"

"ముప్పై ఏళ్లుగా మీ మాటేగా వింటున్నాయి."

ఎవరూ నవ్వలేదు. "అయితే ఇంకో మూర లోతు తవ్వుదాం, ఇంకా వెలుతురుంది" అని ఆమె పార తీసుకుంది. అందరూ కాళ్లకున్న బురద చూసుకుంటూ నిలబడ్డారు. లోతు తవ్వితే నీళ్లు నిలిచిపోతాయి తప్ప ముందుకు పోవని చెప్పాను. ఆమె పార కింద పెట్టి అందరికీ టీ పోసింది. నాకు కూడా పోసింది. పలావుకు తెచ్చిన పళ్లేలు కడిగి, ఎవరివి వాళ్ల ఇంటికి తనే తీసుకెళ్లి ఇచ్చింది.

గురువారం 10 గంటల 15 నిమిషాలకు కమిషన్ వచ్చింది. ముగ్గురు మనుషులు, ఒక మ్యాపు. వాళ్లలో పొడుగాటాయన గట్టు మీద కాలేస్తే బూటు మడమ దాకా దిగిపోయింది.

"మట్టి కొత్తగా ఉందే?" అన్నాడు.

"ఏటా పూడిక తీస్తాం సార్."

"బాగా గట్టిగానే తీశారు" అని నా మొహం చూశాడు. తర్వాత "కాలువ ఇక్కడుంది, రాసుకోండి" అన్నాడు. ఆయనకు అర్థమైందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. పదకొండు ఇళ్లు లోపల, ఒకటి బయట అని రాసుకుని, రాళ్లు పాతించి వెళ్లిపోయారు.

మే 2న బూరుల్‌చాకు నోటీసు వచ్చింది. సాగుభూమిలో అక్రమ కట్టడం, పదిరోజుల్లో తానే తీసేయాలి, లేకపోతే మే 13న పదకొండు గంటలకు ఆఫీసువాళ్లే కూల్చేస్తారు. మే 6న ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా మంచివాడే, కుర్చీలు వేశాడు.

"ఒక్క ఇల్లే కదయ్యా, లోపల రాసేయరాదూ?" అన్నాను.

"రాస్తే పైపు వేయాలి. పైపు పదకొండు ఇళ్లకే మంజూరైంది. పన్నెండోదానికి మీ జేబులోంచి వేస్తారా బైకే? పైగా సాగుభూమిని మార్చే అధికారం మాది కాదు. ఫైలు రాజధానికి పోవాలి. పోయినవాటిలో ఒక్కటీ ఇంకా తిరిగి రాలేదు."

"అయితే నేను ఎక్కడుండాలి?" అని బూరుల్‌చా అడిగింది.

"అది భూముల శాఖ చూడదక్కా" అన్నాడు. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

ఆమె కాలువ గురించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే పన్నెండు ఇళ్లూ పోయేవి. ఆమె చెబుతుందేమోనని భయపడ్డాను. చెప్పకుండా లేచి వచ్చేసినందుకు ఇంకా ఎక్కువ భయం వేసింది.

ఈ రోజు ఉదయం ఏడుకు తూము చూడటానికి పోతూ ఆ ఇంటి ముందు ఆగాను. బూరుల్‌చా కిటికీలు ఊడదీస్తోంది. అద్దాలు పగిలిపోతాయని. పిల్లలిద్దరూ బయట పరుపుల దొంతర మీద కూర్చుని రొట్టె తింటున్నారు. "బైకే, ఈ చివర కాస్త పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. రెండు కిటికీలు దించాం. మూడోది దించేటప్పుడు నా వైపు జారి చట్రం గోడకు తగిలింది. "మెల్లగా" అంది. అంతే అంది. అక్కడి నుంచి మినీబస్సు ఎక్కి ఇక్కడికి వచ్చాను.

ఎందుకు వచ్చానని కెప్టెన్ గారు అడిగారు. ఇలా చెప్పాను: రెండేళ్ల కిందట మా పంపు మోటారు ఎవరో ఎత్తుకుపోతే మీవాళ్లే వచ్చి షెడ్డు చుట్టూ ఎర్ర టేపు కట్టారు. నేరం జరిగిన చోటు, చూడటం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదన్నారు. నలభై రోజులు నన్ను కూడా తలుపు తీయనివ్వలేదు. ఇప్పుడు నేను నేరం చేశానంటున్నాను. ప్రభుత్వ హద్దును కదిపాను. చోటు అదే. టేపు కట్టండి. టేపు కడితే బండి ఆగుతుందా అని అడిగాను. "వాంగ్మూలం పూర్తయితే ఫోన్ చేయగలను" అన్నారు. సమయం పదీ ఐదు.

కెప్టెన్ గారు రాసింది మొత్తం చదివి వినిపించారు. అందులో ఒకటి అబద్ధం ఉంది. కొట్టేయమన్నాను. కొట్టేయడానికి వీల్లేదు, కింద చేర్చండి అన్నారు. చేరుస్తున్నాను. తవ్విన వాళ్ల పేర్లు చెప్పనన్నాను, అది అలాగే ఉండనివ్వండి. నీళ్లు దిబ్బ ఎక్కవని చెప్పానే, అది అబద్ధం. ఎక్కుతాయి. కింది తూము నుంచి తీస్తే ఎక్కవు. పై తూము నుంచి తీస్తే వాలు సరిపోయి దిబ్బ వెనకగా హాయిగా పోతాయి. ఫిబ్రవరిలోనే కొలిచి చూశాను. కాని పై తూము గీత నాలుగో నంబరు ఇంటి వెనక గది మీదుగా పోతుంది, ఆ గదిని పడగొట్టాలి. నాలుగో నంబరు మా అమ్మాయి ఐజిర్గల్‌ది, అల్లుడు కూడా కొండ జిల్లా నుంచి వచ్చినవాడే. ఆ గదిలో రెండు కుట్టుమిషన్లు పెట్టుకుని బతుకుతోంది. మొన్న శరదృతువులోనే కప్పు వేసుకుంది. ఆమెను నేను అడగలేదు. అడిగితే సరేనంటుందేమోనని అడగలేదు. ఒక గది పోతుందని ఒక ఇంటిని బయట వదిలేశాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను బతిమాలగా కెప్టెన్ గారు సంతకానికి ముందే, పదీ ఇరవై ఎనిమిదికి మా ఊరి ఆఫీసుకు ఫోన్ చేశారు. మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఎత్తారు. బండి ఊరి మలుపు దాటిందట, ఆపుతామన్నారు.

"ఇప్పుడు పన్నెండు ఇళ్లూ కేసులోకి వస్తాయి. హద్దు రాళ్లు పీకేస్తారు. ఊళ్లో మీ మొహం చూసేవాళ్లుండరు. అర్థమైందా?" అని కెప్టెన్ గారు అడిగారు. అర్థమైంది.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. ఎవరూ బెదిరించలేదు, ఆశ చూపలేదు. మొదట దాచింది కూడా చివరికి చెప్పాను. కళ్లద్దాలు లేవు కాబట్టి కెప్టెన్ గారు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేస్తున్నాను. కేసులోకి వచ్చే ఇళ్ల జాబితా ఏ నంబరుతో మొదలుపెట్టాలని అడిగారు. నాలుగుతో మొదలుపెట్టమన్నాను.

సంతకం: తె. ఒమురాలియెవ్
మే 13, ఉదయం 10 గంటల 46 నిమిషాలు